మా భద్రాచలం గ్రామమా పట్టణమా? జనాభా ఎంతని రాయాలి? (పాప ప్రాజెక్ట్, సోమవారం ఇవ్వాలి)

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే. మాది భద్రాచలం, పదకొండేళ్ళ నుంచి ఉప్పల్ లో ఉంటున్నాం. పాప ఆరో తరగతి, సోషల్ మేడం "మీ సొంత ఊరి భూగోళం" అని ప్రాజెక్ట్ ఇచ్చింది, మ్యాపు తప్పనిసరి అంట. ఏ నది ఒడ్డున ఉంది, గ్రామమా పట్టణమా, జనాభా ఎంత, నాలుగు దిక్కులా ఏమున్నాయి అని గళ్ళు గీసి ఇచ్చారు. నది గడి నిమిషంలో అయిపోయింది, మిగతా మూడూ రెండు రోజుల నుంచి ఖాళీగానే ఉన్నాయి. మా ఆవిడ గ్రామ పంచాయతీ కాబట్టి గ్రామమే అంటది, నేనేమో గోదారి మీద రెండు బ్రిడ్జీలు, బస్ డిపో, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు, ఏరియా ఆసుపత్రి ఉన్న ఊరు గ్రామం ఎట్లయితది అంటున్నా. తెలిసినోళ్ళు చెప్పండి, పాప ముందు పరువు పోయేట్టుంది.

లష్కర్_పోరడు:
గూగుల్ కొట్టు అన్నా, గింత దానికి పోస్టా 😀

గోదారి_గట్టు:
కొట్టిన తమ్ముడూ. ఒకచోట పట్టణం, ఒకచోట గ్రామం, ఇంకోచోట ఖమ్మం జిల్లా అని ఉంది, ఖమ్మం నుంచి విడిపోయి 2016 అక్టోబర్ లోనే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది కదా. ఇంకో మ్యాపులో మా ఊరిని తీసుకుపోయి కొత్తగూడెం పక్కన పెట్టాడు, రైల్వే స్టేషన్ పేరు చూసి పెట్టి ఉంటాడు.

సారపాక98:
హహ ఆ స్టేషన్ సంగతి అడగొద్దు. సికింద్రాబాద్ లో మణుగూరు బండి ఎక్కి "భద్రాచలం రోడ్" అని బోర్డు చూసి దిగి గుడి ఎటు అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది కొత్తగూడెం, అక్కడ్నుంచి గుడికి ఇంకో 40 కిలోమీటర్లు, మధ్యలో పాల్వంచ, మా సారపాక, గోదారి అన్నీ దాటాలి. స్టేషన్ పేరులో "రోడ్" అని ఉంటే రోడ్డు పట్టుకుని పోవాలి అని అర్థం. మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త లైనుకి 2024లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, అది పడ్డాక చూద్దాం, అప్పటికి మీ పాప పిల్లలకి ప్రాజెక్ట్ ఇస్తారేమో.

లెక్కల_మాస్టారు_తార్నాక:
అసలు ప్రశ్నకి వద్దాం. మీరిద్దరూ కరెక్టే, అదే తమాషా. జనాభా లెక్కలవాళ్ళ దగ్గర "సెన్సస్ టౌన్" అని ఒకటుంటుంది. కనీసం 5000 మంది ఉండాలి, చదరపు కిలోమీటరుకి 400 మందికి తగ్గకూడదు, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. ఈ మూడూ ఉంటే అక్కడ మున్సిపాలిటీ లేకపోయినా వాళ్ళు పట్టణం కిందే రాసుకుంటారు. 2011లో భద్రాచలం అలాగే సెన్సస్ టౌన్, జనాభా 50,087. పరిపాలన లెక్కలో మాత్రం గ్రామ పంచాయతీ. అంటే లెక్కపెట్టేవాడికి పట్టణం, పన్ను కట్టించుకునేవాడికి గ్రామం.

గోదారి_గట్టు:
మాస్టారూ ఇదే కావల్సింది. కానీ 50 వేల మందికి సర్పంచ్ ఏంటి అని పాప అడిగింది. వాళ్ళ ఫ్రెండ్ వాళ్ళ ఊళ్ళో రెండువేల మందికి కూడా సర్పంచే అంట.

జీకే_అక్క:
అది నేను చెప్తా, గ్రూప్స్ కి చదివి చదివి ఇదొక్కటే మిగిలింది నాకు 😅 భద్రాచలం రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతం, మనం ఏజెన్సీ అంటాం కదా. మున్సిపాలిటీల గురించి రాజ్యాంగంలో ఉన్న భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకి దానంతట అది వర్తించదు, 243 జెడ్‌సీ అని ఆర్టికల్, పార్లమెంట్ వేరేగా చట్టం చేస్తేనే. పంచాయతీలకి 1996లో పెసా అని అలాంటి చట్టం చేశారు, మున్సిపాలిటీలకి అలాంటిది రాలేదు. అందుకే 2020లో రాష్ట్రమంతా మున్సిపల్ ఎన్నికలు జరిగినా పాల్వంచ, మణుగూరు, మందమర్రికి జరగలేదు. మున్సిపాలిటీ చేస్తే ఎన్నికలు లేక ఆఫీసర్ల పాలన, పంచాయతీగా ఉంచితే యాభైవేల మంది చెత్త, డ్రైనేజీ, వీధి లైట్లు పంచాయతీ డబ్బులతో. పెసా ప్రకారం అక్కడ సర్పంచ్ పదవి ఎప్పుడూ ఎస్టీలకే రిజర్వు. మున్సిపాలిటీ చేయండి అని అడిగేవాళ్ళు, వద్దు అనేవాళ్ళు ఎందుకలా విడిపోతారో ఇక్కడే అర్థమవుతుంది. రెండు పక్కలా న్యాయం ఉంది అని నా అభిప్రాయం, తిట్టేవాళ్ళు తిట్టండి.

లష్కర్_పోరడు:
తిట్టం గానీ అక్కా, ఏజెన్సీ అంటే అక్కడ ప్లాటు కొనొద్దు అంటరు గదా, గదేనా?

జీకే_అక్క:
అదే, 1/70 చట్టం. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ కాబట్టి ఆ పేరు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనడానికి లేదు, ఇంకో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనలేడు. కోయ వాళ్ళ భూములు మైదానం నుంచి వచ్చినోళ్ళ చేతుల్లోకి పోతుంటే తెచ్చిన చట్టం, కారణం లేకుండా రాలేదు. ఊరేమో పెరుగుతూనే ఉంది కాబట్టి తెల్ల కాయితాల బేరాలు అవుతూనే ఉంటాయి, తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతుంటారు.

కేపీహెచ్‌బీ_గోదారోడు:
మా తూర్పుగోదావరి ఊరండీ భద్రాచలం. మా తాతగారు రాజమండ్రి నుంచి లాంచీలో వెళ్ళొచ్చేవారట, పాపికొండల మధ్యనుంచి. 1959లో తీసుకెళ్ళి ఖమ్మంలో కలిపారు, ఆయ్. పాప ప్రాజెక్టులో ఈ ముక్క కూడా రాయించండి.

లష్కర్_పోరడు:
షురూ అయింది లొల్లి. అన్నా 1959 ముందు మీది, దానికి ముందు ఎవలది? రామదాసు తహసీల్దారీ చేసింది గోల్కొండ తానీషా కింద, గుడికి పైసలు ఖర్చు పెట్టిండని జైల్ల వేసింది మా గోల్కొండల. ఆదివారం ఆదివారం జనం పోయి చూస్తరు ఆ కొట్టు.

లెక్కల_మాస్టారు_తార్నాక:
ఇద్దరూ ఆగండి. 1860 దాకా ఆ తాలూకా నిజాం కింద ఉంది, ఆ ఏడు బ్రిటిష్ వాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్ లో, అంటే నాగ్‌పూర్ వైపు పెట్టారు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాకి మార్చారు. తర్వాత తూర్పుగోదావరి, 1959లో ఖమ్మం, 2016లో కొత్త జిల్లా. నూట అరవై ఏళ్ళలో ఊరు అంగుళం కదల్లేదు, పై ఆఫీసే మారుతూ వచ్చింది. గోదావరికి ఎడమ ఒడ్డున ఉండటమే దీనికంతటికీ మూలం. కుడి ఒడ్డు ఒకరిది, ఎడమ ఒడ్డు ఒకరిది అని నదిని హద్దుగా గీసిన ప్రతిసారీ ఈ ఊరు ఎటో ఒకటు పడింది. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు బ్రిడ్జి ప్రారంభించేదాకా అవతల నుంచి వచ్చేవాళ్ళకి పడవే గతి.

గోదారి_గట్టు:
మా నాయన చెప్పేవాడు, బ్రిడ్జి రాకముందు నవమికి వచ్చేవాళ్ళు రెండు రోజులు అవతలే ఉండిపోయేవాళ్ళంట పడవ దొరక్క. సరే ఇప్పుడు అసలు తలనొప్పి. నాలుగు దిక్కులా ఏమున్నాయి అన్న గడి. మ్యాపు గీద్దామని కూర్చున్నాం, ఒకవైపు గోదారి, అవతల సారపాక. మిగతా వైపులా ఎటు గీసినా ఆంధ్రప్రదేశే వస్తుంది. పాప మ్యాపు చూసి "నాన్నా మనది ద్వీపమా" అంది.

సారపాక98:
ద్వీపమే అనుకో. 2014లో పోలవరం ముంపు అని ఏడు మండలాలు ఏపీకి ఇచ్చారు కదా, అందులో భద్రాచలం మండలం కూడా ఉంది, ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప. అంటే మండలం పోయి ఊరు మిగిలింది. ఊరి చివర ఇల్లు దాటితే ఎటపాక, అది 2022 ఏప్రిల్ లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, 2025 చివర్లో కొత్త పోలవరం జిల్లాలోకి పోయింది. దుమ్ముగూడెం, చర్ల తెలంగాణవే కానీ భద్రాచలం నుంచి అక్కడికి పోవాలంటే రోడ్డు మధ్యలో ఏపీ తగుల్తది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలు వెనక్కి ఇవ్వండి అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు.

లష్కర్_పోరడు:
అరే గిది నాకు తెల్వదు. మరి ఊరు పెరగాలంటే ఎటు పెరుగుతది?

సారపాక98:
పైకి. గుడి ఇక్కడ, రాములోరి వందల ఎకరాల మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే దేవుడు తెలంగాణ, పొలం ఆంధ్ర. ఊళ్ళో చెత్త పోయడానికి జాగా లేదు, గోదారి ఒడ్డున పోస్తే గొడవ, హద్దు దాటి పోస్తే పక్క రాష్ట్రంలో పోసినట్టు. ఆ మధ్య ఊరిని మూడు పంచాయతీలుగా విడగొడతామన్నారు, ఉన్న కాస్త జాగాని మళ్ళీ మూడు ముక్కలా అని నాకైతే నవ్వొచ్చింది.

కేపీహెచ్‌బీ_గోదారోడు:
మరి ముంపు మండలాల వాళ్ళ సంగతి కూడా చూడాలి కదండీ. కూనవరం, వీఆర్ పురం వాళ్ళకి ఇప్పటికీ ఆసుపత్రన్నా, పెళ్ళి బట్టలన్నా భద్రాచలమే. కాగితం మీద రాష్ట్రం మారింది, బజారు మారలేదు.

జీకే_అక్క:
గోదారోడు గారు చెప్పిన పాయింటే నేను చెప్దామనుకున్నా. 50,087 అనేది రాత్రి ఆ ఊళ్ళో పడుకునేవాళ్ళ లెక్క, పగలు ఊరు వేరు. ఛత్తీస్‌గఢ్ లో కుంట నుంచి, ఒడిశాలో మల్కనగిరి నుంచి, ఏపీ మండలాల నుంచి జనం ఆ ఏరియా ఆసుపత్రికే వస్తారు. మా మేనత్త అక్కడ నర్సుగా చేసింది, ఒక వార్డులో తెలుగు, కోయ, ఒడియా, హిందీ అన్నీ వినిపించేవని చెప్పేది. జగదల్‌పూర్ పోయే ముప్పయ్యో నంబర్ హైవే ఊరి మధ్యలోంచే పోతుంది. చుట్టూ ఇంత పెద్ద ప్రాంతానికి ఒక్కటే బజారు, ఒక్కటే ఆసుపత్రి ఉన్న ఊరిని జనాభా అంకె ఒక్కటి చూసి చిన్న ఊరు అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

గోదారి_గట్టు:
నిజం అక్కా. సోమవారం పొద్దున బస్టాండ్ లో నిలబడితే సగం మంది మా ఊరోళ్ళు కాదు. నవమి రోజైతే అసలు మా ఊరోళ్ళే కనపడరు, అందరి ఇళ్ళల్లో చుట్టాలే, మేం మేడ మీద పడుకునేవాళ్ళం.

రిటైర్డ్_ఏఈ:
ఆలస్యంగా చూశాను. ఇరిగేషన్ లో పనిచేసి ఇప్పుడు నాచారంలో మనవళ్ళని స్కూల్ బస్సు ఎక్కిస్తున్నవాణ్ణి. భూగోళం అన్నారు, ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ వరద గురించి ఎత్తలేదు. భద్రాచలం పేరు హైదరాబాద్ టీవీలో వచ్చేదే దాని కోసం. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ఈ అడుగులు లోతు కాదు, సముద్ర మట్టం నుంచీ కాదు, అక్కడి గేజీ, అంటే నది మట్టం కొలిచే స్కేలు, మీద ఉన్న అంకె. ఆ గేజీ సున్నా సముద్ర మట్టానికి దాదాపు 107 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే 43 అంటే సముద్ర మట్టం నుంచి 150 అడుగులు. గోదారి మీద మీకు దిగువన కడుతున్న పోలవరం డ్యామ్ పూర్తి నీటిమట్టం ఎంత? అదీ సముద్ర మట్టం నుంచి 150 అడుగులే. భద్రాచలం వాళ్ళు పోలవరం అనగానే ఎందుకు ఉలిక్కిపడతారో ఈ కూడిక చేస్తే తెలుస్తుంది.

లష్కర్_పోరడు:
అంకుల్ ఒక్క నిమిషం, అంటే డ్యామ్ నిండుగ ఉంటే ఊరి కాడ రోజూ మొదటి హెచ్చరికేనా??

రిటైర్డ్_ఏఈ:
భయం అదే బాబూ. డ్యామ్ వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి, వరదప్పుడు గేట్లు ఎత్తుతారు, నిజంగా ఎంత వెనక్కి తంతుంది అన్నది సర్వేల మీద సర్వేలు నడిచే గొడవ, ఇక్కడ తేల్చలేం. ఊరి సంగతి చూడండి. వరద చాలావరకు మన పక్క వాన వల్ల రాదు. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర కలుస్తుంది, ఇంద్రావతి బస్తర్ అడవుల నీళ్ళు తెస్తుంది, భద్రాచలంలో ఎండ కాస్తుండగా గోదారి పెరుగుతుంది. ఇది ఒక ఎత్తు. రెండో ఎత్తు శబరి. అది కింద కూనవరం దగ్గర కలుస్తుంది. శబరి కూడా పొంగితే గోదారి నీళ్ళు ముందుకు పోలేక నిలబడతాయి, భద్రాచలంలో మట్టం దిగదు. పై నుంచి వచ్చేది ఎంత అన్నదొక్కటే కాదు, కింద దారి ఉందా లేదా అన్నది కూడా చూడాలి, బజార్లో కింద కాలవ పూడితే పై ఇంట్లో నీళ్ళు నిలిచినట్టు. రికార్డులు: 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జులైలో 71.3.

సారపాక98:
2022 నాకు బాగా గుర్తు. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారు, 86 తర్వాత అదే అట్లా ఆపడం. మేం ఇటు, మా పిన్ని వాళ్ళు అటు, మధ్యలో బ్రిడ్జి కనపడుతూనే ఉంది కానీ పోలేం. అప్పటికి రెండోది ఇంకా కడుతున్నారు, 2024లో తెరిచారు.

గోదారి_గట్టు:
86 సంగతి మా అమ్మ చెప్పేది, అప్పటికి నేను పుట్టలేదు. రాత్రి నీళ్ళొస్తే బియ్యం డబ్బా, మా అక్కని ఎత్తుకుని గుడి మెట్ల వైపు పరిగెత్తారంట. ఊళ్ళో ఎత్తు అంటే ఆ భద్రగిరి గుట్టే కదా, పేరులో "అచలం" ఊరికే రాలేదు. ఆ వరద తర్వాతే కరకట్ట కట్టారు. మాకు చిన్నప్పుడు సాయంత్రం షికారు అంటే కరకట్టే.

రిటైర్డ్_ఏఈ:
కరకట్ట ఊరిని కాపాడింది, అందులో అనుమానం లేదు. కానీ కట్టతో ఇంకో తిప్పలు ఉంటుంది. ఊళ్ళో కాలవల నీళ్ళు గోదారిలోకి పోవడానికి కట్టకి స్లూయిస్‌లు, అంటే తలుపులున్న తూములు, పెడతారు. నది పెరిగితే ఆ తలుపులు మూసేయాలి, లేకపోతే గోదారే లోపలికి వస్తుంది. మూశాక ఊళ్ళో వాన పడితే ఆ నీళ్ళకి దారేది? మోటార్లు పెట్టి కట్ట మీదుగా తోడి పోయాలి. ఆ రాత్రి మోటారు ఆగిందా, కట్టకి ఇవతలే మోకాలి లోతు. బయట గోదారి కట్టకి ఆరడుగులు కిందే ఉన్నా లోపల మంచాలు తేలతాయి.

గోదారి_గట్టు:
సార్ మీరు మా ఇల్లు చూసినట్టే చెప్తున్నారు. మాది సుభాష్ నగర్ సైడు. 2022లో అమ్మని కాలేజీలో పెట్టిన క్యాంపుకి తీసుకుపోయారు, నేను ఉప్పల్ లో కూర్చుని గంట గంటకీ అడుగులు చూసుకుంటున్నా, ఆఫీసులో పక్క సీటు అతను క్రికెట్ స్కోరు అనుకున్నాడు. 68, 69 అని నేను గొణుగుతుంటే ఎవరు బ్యాటింగ్ అని అడిగాడు.

కేపీహెచ్‌బీ_గోదారోడు:
😀😀 మా రాజమండ్రిలో కూడా అంతేనండీ, భద్రాచలంలో ఎంత ఉందో చూసుకునే మేం సామాన్లు పైకెత్తేది. మీ ఊరి అంకె మాకు ముందస్తు కబురు.

లెక్కల_మాస్టారు_తార్నాక:
జనాభా గడి గురించి చివరిగా ఒక మాట. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు, మనుషుల్ని లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. ఊళ్ళ హద్దులు మాత్రం 2025 డిసెంబర్ 31న ఎలా ఉన్నాయో అలాగే తీసుకుంటారు. కాబట్టి ఎటపాక వైపు విస్తరించిన ఇళ్ళు మీ ఊరి లెక్కలోకి రావు, ఏపీ లెక్కలోకి వెళ్తాయి. పాపకి 2011 అని ఏడాది కచ్చితంగా రాయమనండి, ఏడాది లేని జనాభా అంకె తేదీ లేని చెక్కులాంటిది.

గోదారి_గట్టు:
మాస్టారూ ఇది ఇంట్లో పెద్ద చర్చ అయింది. మా అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ ఇల్లు ఎటపాకలో. మా ఇంటి నుంచి నడిచిపోవచ్చు, అమ్మ పొద్దున కూర వండితే గిన్నె అటు పోతుంది, సాయంత్రం ఖాళీ గిన్నె ఇటు వస్తుంది. ఆమెకి కరెంటు బిల్లు, పెన్షను ఆంధ్రవి, కూరగాయలు, రాములోరు తెలంగాణవి. మరి ఆమె మన ఊరు కాదా అని పాప పట్టుకుంది. మనం కూడా ఉప్పల్ లెక్కలోకే వస్తాం అంటే ఇంకా గొడవ.

లష్కర్_పోరడు:
గట్లయితే మీ ఊరోళ్ళు ఊరు బయట ఉన్నరు, బయటోళ్ళు ఊళ్ళె ఉన్నరు 😂 అన్నా మరి గడిల ఏం రాసిన్రు చివరికి?

గోదారి_గట్టు:
ఇప్పుడే అయింది, రాత్రి పదకొండు. గ్రామమా పట్టణమా అన్న చోట "సెన్సస్ టౌన్, కానీ సర్పంచ్ ఉంటారు" అని రాసింది. మ్యాపులో గోదారికి నీలం రంగు అయిపోయి సగం గోదారి పెన్సిల్ తోనే ఉంది. హద్దుల దగ్గర మూడు వైపులా ఏపీ, ఒక వైపు నది. జనాభా గడిలో 50,087 (2011) అని పెన్నుతో రాసి, కింద చిన్నగా "పెద్దనానమ్మ కాకుండా" అని రాసింది. చెరిపేయమంటే వినట్లేదు.

సారపాక98:
ఉండనీ అన్నా. నవమికి వస్తున్నారా, వస్తే ఇప్పుడే టికెట్లు చూసుకోండి, రాత్రి బస్సులు అప్పుడే నిండుతున్నాయి.